ఆరు నెలల కుర్చీ

జనవరి 13, సోమవారం

కోర్టు భవనం మెట్ల మీద మంచు గీకి ఉప్పు చల్లారు. అయినా పక్కింటి ఆర్డెత్ నా చేయి వదల్లేదు. డెబ్బై తొమ్మిదేళ్ల మనిషి, చక్కెర జబ్బుతో పాదాలు మొద్దుబారిపోయాయి, ఇంట్లో ఉండమంటే వినలేదు. "నేను ఓటేసినవాళ్లు ప్రమాణం చేస్తుంటే నా కళ్లతో చూడాలి. మళ్లీ ఎన్నికలకి నేనుంటానో లేదో" అంది. ఈ మాట ఆవిడ ఇరవై ఏళ్లుగా అంటోంది.

మా కౌంటీని, అంటే మా జిల్లాని, నడిపే కొత్త కమిషనర్లు ముగ్గురూ ప్రమాణం చేశారు. అధ్యక్షుడు గార్న్ టాలీ గారు. ఐదేళ్లు మా గుడి సంఘానికి బిషప్‌గా ఉన్నారు కాబట్టి ఇప్పటికీ నా నోటికి బిషప్ టాలీ అనే వస్తుంది. మా బిషప్‌లకు జీతం ఉండదు. ఆయన పొద్దున్న పాలు పితికి, సాయంత్రం మా కష్టాలు వినేవారు.

ఐదు నిమిషాలే మాట్లాడారు. "మన ముత్తాతలు ఈ లోయలోకి వచ్చినప్పుడు ఇక్కడ ఒక్క ఆఫీసు లేదు. కాలవలు వాళ్లే తవ్వుకున్నారు. జబ్బు చేస్తే పక్కింటివాళ్లే చూసుకున్నారు. పొరుగువాడు చేయగలిగిన పని కౌంటీ చేయక్కర్లేదు" అన్నారు. పన్ను తగ్గుతుంది, అక్కర్లేని పదవులు పోతాయి. నాకు కళ్లు తడిశాయి. ఎన్నికల ముందు ఎండలో ప్రచారం అట్టలు పట్టుకుని నిలబడ్డ రోజులన్నీ గుర్తొచ్చాయి. పరలోకపు తండ్రి విన్నాడు.

ఆ తర్వాత మొదటి నియామకం చదివారు. ఖర్చుల తగ్గింపు అధికారి, కొత్త పదవి, ఆరు నెలలకు మాత్రమే. పేరు రెల్డన్ హాడ్‌ఫీల్డ్. మా ఆయన.

"అనుకూలంగా ఉన్నవారు కుడి చేయి ఎత్తండి" అన్నారు బిషప్ టాలీ, ఆదివారం గుడిలో అన్నట్టే. హాలంతా చేతులు లేచాయి. కౌంటీ క్లర్కు ఇడోయా తల ఎత్తి చూసి కాఫీ కప్పు కింద పెట్టింది. బడిలో నా పక్క బల్ల తనది. గొర్రెలు కాయడానికి సముద్రం దాటి వచ్చిన బాస్కు కుటుంబం వాళ్లది, కాథలిక్కులు.

"దించండమ్మా, చేతులు దించండి. ఇది మీ గుడి కాదు. ఇక్కడ ఓటు ఆ ముగ్గురిదే. ఇన్ని చేతులు నేనెక్కడ రాసుకోను?"

అందరం నవ్వాం. బిషప్ టాలీ చెవులు ఎర్రబడేలా నవ్వారు.

అన్నిటికంటే ముందు లేచిన చేయి నాదేనట. దారిలో ఆర్డెత్ చెప్పింది. నేను ఆలోచించి ఎత్తలేదు.

జనవరి 14

రెల్డన్‌ని ఎందుకు ఎంచుకున్నారో లోయలో ఎవరిని అడిగినా చెబుతారు. పెళ్లయిన రెండో ఏడు, పొలం బీడు పెడితే కేంద్ర ప్రభుత్వం డబ్బిస్తానంటే, చుట్టుపక్కల అందరూ సంతకం పెట్టారు. తను పెట్టలేదు. "పండించనిదానికి డబ్బు తీసుకోను" అన్నాడు. ఆ చలికాలమంతా బంగాళాదుంపలు, వేట మాంసం తిని గడిపాం. జనం నవ్వారు. నేను గర్వపడ్డాను. పదిహేడేళ్లుగా మాకు ఆరోగ్య బీమా లేదు. అదీ తన పట్టుదలే. కొనగలిగే ధర కూడా కాదు.

ఇలాంటి మనిషి తప్ప ఇంకెవరు కోత కోయగలరు?

డిసెంబరులో డాక్టరు నా మెడ మీద గడ్డ చూశారు. జనవరిలో రెల్డన్‌కి ఈ పదవి వచ్చింది. రెండింటికీ ఏ సంబంధమూ లేదు.

జనవరి 20

రెల్డన్ కొత్త చొక్కాలు మూడు కొనుక్కున్నాడు. నేను ఇస్త్రీ చేశాను. ఇంతవరకూ ఇస్త్రీ చొక్కా ఆదివారమే.

ఫిబ్రవరి 2, ఉపవాస ఆదివారం

నెలలో మొదటి ఆదివారం రెండు పూటలు మానేసి, ఆ తిండికయ్యే డబ్బు కవరులో పెట్టి సంఘానికిస్తాం. లోయలో లేనివాళ్లకి అందులోంచే అందుతుంది. ఎవరిదో ఎవరికో తెలియదు. నాకు ఈ రోజంటే ఇష్టం. కడుపు ఖాళీగా ఉన్నప్పుడు నా ప్రార్థన పొట్టిగా, నిజంగా ఉంటుంది.

రెల్డన్ కోసం ప్రార్థించాను. నా కోసం ప్రార్థించడం మర్చిపోయాను.

ఫిబ్రవరి 11

మొదటి కోత కౌంటీ నర్సు. పై లోయలో రైతు సంఘం వాళ్ల గ్రేంజి హాలుకు నెలకొకసారి వచ్చి ముసలివాళ్ల రక్తపోటు, కాళ్లు చూసి వెళ్లేది. మార్చి నుంచి రాదు.

రెల్డన్ ఈ సంగతి నాకు వంటింట్లో నిలబడే చెప్పాడు, కుర్చీలో కూర్చోకుండా.

"ఆర్డెత్‌ని ఎవరు చూస్తారు?" అన్నాను.

"నువ్వే చెప్పు. ఎవరు చూడాలి?"

నేను ఆలోచించాను. "మేం చూడాలి" అన్నాను.

"అదే నేను బిషప్‌తో అన్నాను. కాగితం మీద సంతకం పెట్టేముందు నీ నోట వినాలనిపించింది."

నా మనసు తేలికపడింది. ఇది తప్పు కాదు. పక్కింటి మనిషి పాదాలు చూడటానికి కౌంటీ ఎందుకు?

మార్చి 4

స్త్రీల సంఘం నుంచి నలుగురం ముందుకొచ్చాం. పట్టణంలో డాక్టరు దగ్గర పనిచేసే నర్సు ఒకామె రెండు సాయంత్రాలు కూర్చోబెట్టి నేర్పింది: వేళ్ల మధ్య చూడటం, రంగు మారిందేమో చూడటం, నీటి వేడి మోచేత్తో చూసి పోయడం. నా వంతు మంగళవారం, శుక్రవారం. ఆర్డెత్‌తో కలిపి ముగ్గురు ముసలమ్మలు.

మొదటి రోజు ఆర్డెత్ తొట్టిలో కాళ్లు పెట్టుకుని నన్ను పైనుంచి కిందికి చూసింది.

"నర్సుకి డిప్లొమా ఉండేది. నీకేముంది?"

"మోచెయ్యి ఉంది."

"సరే కానీ. నీ చేతులు వెచ్చగా ఉన్నాయి. ఆవిడవి కప్పల్లా ఉండేవి, పాపం."

నర్సు నెలకొకసారి వచ్చేది. నేను వారానికి రెండుసార్లు వస్తాను. ఇది రాసుకోవాలనిపించింది.

మార్చి 18

రెల్డన్‌కి బీమా కార్డు వచ్చింది. కౌంటీ ఉద్యోగి, భార్య. నా పేరు పూర్తిగా, తప్పు లేకుండా అచ్చు వేశారు.

డాక్టరు ఆఫీసుకి ఫోన్ చేశాను. ఏప్రిల్లో సూది పరీక్ష.

ఆరు నెలలే కదా.

ఏప్రిల్ 3

సూదికి పెద్ద నొప్పి లేదు.

ఏప్రిల్ 10

అనుమానంగా ఉందన్నారు. థైరాయిడ్ గ్రంథి మొత్తం తీసేయాలట. రాజధాని బోయిసీలో పెద్ద ఆసుపత్రి, జూలై 22. స్వరపేటిక నరం పక్కనే ఉంటుంది కనుక గొంతు కొంచెం మారొచ్చు. "మీకు పాటలు పాడే అలవాటుందా?" అని అడిగారు డాక్టరు. గుడిలో అందరితో కలిసి పాడతానన్నాను. అలా అయితే ఎవరికీ తెలియదులెండి అన్నారు, ఓదార్పుగా.

ఇంటికొచ్చేటప్పుడు రెల్డన్ బండి ఆపి రోడ్డు పక్కన దిగాడు. చక్రం చూస్తున్నట్టు చాలాసేపు వంగి ఉన్నాడు. చక్రానికి ఏమీ కాలేదు.

ఏప్రిల్ 22

ఆర్డెత్ ఎడమ పాదం చిటికెన వేలు కింద చిన్న ఎర్రమచ్చ. బియ్యపు గింజంత. ఆవిడకి తెలియనే తెలియదు, స్పర్శ లేదు. వెంటనే పట్టణానికి తీసుకెళ్లాను. ఇంకో పది రోజులయితే వేలు పోయేదట. నెలకొకసారి చూసి ఉంటే దొరికేది కాదు.

దారంతా నన్ను తిట్టింది. "భోజనం వేళకి తీసుకొచ్చి పస్తు పెట్టావు, నర్సు అయితే ఏదైనా తినిపించేది." తర్వాత బండి దిగేటప్పుడు నా చేయి పట్టుకుని వదల్లేదు. మంచు లేదు, మెట్లు లేవు.

మేం నమ్మినది నిజమే. ఆఫీసు అక్కర్లేదు. మనుషులు చాలు.

మే 1

రెల్డన్‌కి సహాయకుడు వచ్చాడు. డాలన్, బిషప్ టాలీ చెల్లెలి కొడుకు, ముప్పై నాలుగేళ్లు. నగరంలో ఏదో కంపెనీ మూతపడితే భార్యాపిల్లలతో లోయకి వచ్చేశాడు. మంచివాడు. మర్యాదగా మాట్లాడతాడు. అతనేం చేస్తాడని రెల్డన్‌ని అడిగాను.

"నివేదికలు తయారు చేస్తాడు."

"దేని మీద?"

"మేం తగ్గించినవాటి మీద."

మే 6

ఇడోయా రోడ్డు మీద కనిపించి బండి అద్దం దించింది.

"మీ ఆయన కొత్త ఫారం చూశావా? లోయలో ఫారాలు ఎక్కువైపోయాయని, ఏ ఫారం అక్కర్లేదో జనం చెప్పాలని, దానికో ఫారం. మూడు ప్రతులు."

నేను నవ్వలేదు. తను నా మొహం చూసి "ఊరికే అన్నానే" అంది.

రెల్డన్‌కి ఈ మాట చెప్పలేదు. సాయంత్రం తనే ఆ ఫారం తెచ్చి బల్ల మీద పెట్టాడు. "నాకిది నచ్చలేదు. డాలన్ చేశాడు. బిషప్‌కి నచ్చింది" అన్నాడు. దాన్ని నాలుగు మడతలు పెట్టి కుంటుతున్న బల్ల కాలి కింద దూర్చాడు.

మే 9

ఆఫీసు తలుపుకి ఇత్తడి అక్షరాలు పెట్టారట. ఆర్డెత్‌కి ఎవరో చెప్పారు. కాళ్లు తుడుస్తుంటే అంది: "ఖర్చు తగ్గించేవాళ్ల తలుపు కదా. రంగుతో రాస్తే వాన పడితే పోతుందనుకున్నారేమో."

నేను తువ్వాలు గట్టిగా దులిపాను.

"ఏమ్మా, నీకు కోపం వచ్చిందా?"

"రాలేదు."

"రావాలి మరి."

మే 14

మన లోయ వారపత్రికలో వెనక పేజీలో కౌంటీ ప్రకటనలు చిన్న అక్షరాల్లో వేస్తారు. ఎవరూ చదవరు. నేను చదువుతాను, చిన్నప్పటి నుంచీ అలవాటు. మన డబ్బు ఎటు పోతోందో చూడటం మన బాధ్యత అని మా నాన్న చెప్పేవారు.

కళ్లజోడు తుడుచుకుని రెండోసారి చదివాను.

గ్రామీణ నర్సు సేవల నుంచి బదిలీ చేసిన మొత్తం: ఖర్చుల తగ్గింపు కార్యాలయం, సహాయకుడి జీతం.

అంతే. ఒకే వరుస.

మే 15

పన్ను కాగితం వచ్చింది. ఏమీ తగ్గలేదు.

మే 16

ఈ రోజు మూడు ఇళ్లకీ వెళ్లాను. తొట్టి, తువ్వాలు, లేపనం. మేం చేసే పని చిన్నది, పేరు లేనిది, మాకు ఎవరూ ఏమీ ఇవ్వక్కర్లేదు. కానీ ఆ పని మేం నెత్తికెత్తుకున్నది కౌంటీ చిన్నదవుతుందని. అది చిన్నదవలేదు. ముసలివాళ్ల పక్కన ఒక మనిషి ఉండే చోట ఆఫీసు తలుపు వెనక ఒక మనిషి కూర్చున్నాడు.

డాలన్ మీద నాకు కోపం లేదు. అతని చిన్న కూతురు ఆదివారం బడిలో నా పక్కనే కూర్చుంటుంది.

మే 18, ఆదివారం

ఆరాధన అయ్యాక హాల్లో కుర్చీలు మడుస్తుంటే బిషప్ టాలీ గారు నా వైపు వచ్చారు. నేనే ధైర్యం చేశాను.

"బిషప్, పత్రికలో చూశాను. నర్సు డబ్బు."

"ఆ, సిస్టర్ మెర్లీన్. మీరు అడుగుతారనుకున్నా." ఒక కుర్చీ మడిచి గోడకి ఆనించారు. "చెట్టు కొట్టాలంటే గొడ్డలి కావాలా వద్దా? గొడ్డలికి డబ్బవుతుంది. చెట్టు పడ్డాక గొడ్డలి అమ్మేస్తాం."

"గొడ్డలికి సహాయకుడు ఎందుకు, బిషప్?"

ఆయన పకపకా నవ్వారు. పక్కన ఉన్నవాళ్లు తిరిగి చూశారు. "రెల్డన్‌కి వయసు అవుతోంది కదా. పైగా ఆ పిల్లలు, ఆ కుటుంబం... మనం చూసుకోకపోతే ఎవరు చూస్తారు?"

"సంఘం చూసుకుంటుంది కదా."

"సిస్టర్, కాస్త ఓపిక పట్టండి. ఆరు నెలలే" అన్నారు. ఆయన కళ్లలో అబద్ధం లేదు. ఆయన నిజంగానే అలా అనుకుంటున్నారు. నాకు భయం వేసింది అందుకే.

మే 27

డాలన్‌కి కార్యాలయం బండి.

జూన్ 4

కమిషనర్ల ప్రతిపాదన బయటికొచ్చింది. జూన్ 23న బహిరంగ విచారణ: ఖర్చుల తగ్గింపు కార్యాలయాన్ని శాశ్వతం చేయడం గురించి. పన్ను కట్టేవారెవరైనా మాట్లాడవచ్చు.

ఆ ఒక్క మాట మీద వేలు పెట్టి చాలాసేపు ఉన్నాను. శాశ్వతం.

శాశ్వతమైతే రెల్డన్ ఉంటాడు, బీమా ఉంటుంది, జూలై 22 ఉంటుంది. కాకపోతే పదవి జూలై 13తో పోతుంది, దానితో బీమా.

ఏది మంచిదో నాకు తెలుసు. తెలియనట్టు ప్రార్థిస్తున్నాను.

జూన్ 9

మాట్లాడను. మాట్లాడటానికి నేనెవరిని? హైస్కూలు చదువు. నా మాట మూడో వరుసకి కూడా వినపడదు.

జూన్ 12

మాట్లాడను.

జూన్ 15

ఈ రోజు గుడిలో పాట మధ్యలో నా గొంతు ఆగిపోయింది. ఏమీ కాలేదు, కొంచెం నీళ్లు తాగితే సరిపోయింది. రెల్డన్ పాటల పుస్తకం మూసేసి ముందు వరుస వైపు చూస్తూ కూర్చున్నాడు, పాట అయిపోయేవరకూ.

జూన్ 21, శనివారం

రాయాలి.

సాయంత్రం ఇద్దరం పొలంలో నీటి గొట్టాలు మార్చడానికి వెళ్లాం. ముప్పై ఏళ్లుగా ఇదే పని: తను ఒక చివర, నేను ఒక చివర ఎత్తి, తడి పచ్చగడ్డిలో యాభై అడుగులు ముందుకి నడవడం. గొట్టం పొడవంత దూరం మధ్యలో ఉంటుంది కాబట్టి మాట్లాడాలంటే కొంచెం అరవాలి. నాకు అరవడం రాదు. అందుకని ఈ పనిలో ఎప్పుడూ మాట్లాడుకోం.

నాలుగో గొట్టం దించాక తన దగ్గరికి నడిచి వెళ్లాను.

"సోమవారం నేను మాట్లాడతాను" అన్నాను.

"దేని గురించి?"

"నీ కుర్చీ గురించి. తీసేయమని."

తను చేతి తొడుగులు విప్పి జేబులో పెట్టుకున్నాడు. మళ్లీ తీసి తొడుక్కున్నాడు.

"నీ మెడ గురించి ఆలోచించావా, మెర్లీ?"

"ఆలోచించాను."

"లేదు. నువ్వు కౌంటీ గురించి ఆలోచించావు. డాలన్ గురించి ఆలోచించావు, నర్సు గురించి ఆలోచించావు. నేను నీ మెడ గురించి ఆలోచించాను." గొంతు పెంచలేదు. "డిసెంబరులో డాక్టరు గది బయట నువ్వు కోటు బొత్తాలు పెట్టుకుంటుంటే, ఆయన నాకు చెప్పాడు, ఇది చూపించుకోక తప్పదని. ఆ వారమే బిషప్ వచ్చి అడిగాడు. రెల్డన్, మనకి ఒక మనిషి కావాలన్నాడు. బీమా ఉంటుందా అని అడిగా. అదొక్కటే అడిగా. జీతం ఎంతో కూడా అడగలేదు."

పచ్చగడ్డిలోంచి నీళ్లు నా బూట్లలోకి వచ్చాయి.

"పొలం బీడు పెట్టడానికి సంతకం పెట్టలేదు నేను. దీనికి పెట్టాను. సంతోషంగా పెట్టాను. మళ్లీ పెట్టమంటే మళ్లీ పెడతా."

జనవరిలో నేను ఈ పుస్తకంలోనే రాసుకున్నాను, రెండింటికీ సంబంధం లేదని. ఎవరూ అడగకుండా ఎందుకు రాసుకున్నాను?

"నీకు ఆ కుర్చీ ఇష్టమా?" అన్నాను.

తను తొడుగు మీద బురద దులుపుకున్నాడు. "ఆ గదిలో గడియారం చప్పుడు ఎక్కువ."

"రెల్, నా కోసం ఆ చప్పుడు వినొద్దు."

"నేను నిన్ను పోగొట్టుకోలేను."

"పోను. ఆపరేషన్ ఆగదు. దారి ఉంటుంది. ఏదో నాకు తెలియదు."

"నువ్వు మాట్లాడితే నేనేం చేయను? నిన్ను తప్పనలేను, ఒప్పనలేను."

"నువ్వేం చేయక్కర్లేదు. నేను చెప్పకుండా ఉండలేనంతే."

ఐదో గొట్టం ఇద్దరం ఎత్తాం.

జూన్ 22, ఆదివారం

ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం. ఆరాధనలో ప్రభువు పేరిట ఇచ్చే రొట్టె, నీళ్లు తీసుకున్నాం. తన మోకాలు నా మోకాలికి ఆనింది. వెనక్కి తీసుకోలేదు.

జూన్ 23, సోమవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

హాలు నిండింది. రెల్డన్ ముందు బల్ల దగ్గర డాలన్ పక్కన కూర్చున్నాడు, నా వైపు మొహం. బిషప్ టాలీ లేచి ఐదు నెలల్లో తగ్గించినవి చదివారు. డాలన్ తయారుచేసిన నివేదిక, నలభై పేజీలు. "ఈ మంచి పనిని ఆపకూడదని అనుకునేవాళ్లు చేయి చూపండి" అన్నారు. చేతులు లేచాయి. ఇడోయా ఈసారి ఏమీ అనలేదు, నా వైపు చూసింది. నా చేయి ఒళ్లో ఉంది. ఎడమ చేత్తో పట్టుకుని ఉన్నాను.

తర్వాత నేను లేచాను. మైకు దగ్గరికి నడవడం గుర్తుంది. మొదటి వాక్యం చెప్పాక బిషప్ టాలీ ముందుకి వంగారు.

"సిస్టర్ మెర్లీన్, కొంచెం గట్టిగా."

ప్రయత్నించాను. రాలేదు. హాల్లో ఎవరో కుర్చీ జరిపారు.

"నాకు వినపడుతోంది" అంది ఇడోయా. "ఎలాగూ రాసుకోవాలి. రాసుకుంటూ పైకి చదువుతా. మాట్లాడవే."

నేను చెప్పాను, తను చదివింది. నా మాటలు తన బొంగురు గొంతులో హాలంతా వినపడ్డాయి.

"నర్సును తీసేయడం తప్పని నేననను. ఆ పని మాది. మేం చేస్తున్నాం."

"మేం చేస్తున్నది కౌంటీ చిన్నదవుతుందని. ఆ డబ్బుతో ఇంకో కుర్చీ వేశారు. పన్ను తగ్గలేదు."

"మంచి పని చేయడానికైనా సరే, మాకు తెలియకుండా పెరిగే ఆఫీసు మాకు వద్దు. ఎన్నికల్లో మీరు చెప్పింది కూడా ఇదే. అందుకే నేను ఎండలో నిలబడ్డాను."

"ఆరు నెలలకే అన్నారు. ఆరు నెలలు అవుతున్నాయి. ఆ కుర్చీలో ఉన్నది నా భర్త. ఆయన నిజాయితీపరుడు. నిజాయితీపరుడు కూర్చున్నంత మాత్రాన అక్కర్లేని కుర్చీ కావలసినది అయిపోదు."

ఇడోయా ఆ చివరి వాక్యం దగ్గర ఆగింది. "ఇది రాయమంటావా?" అని మామూలుగా అడిగింది. రాయమన్నాను.

బిషప్ టాలీ మొహంలో కోపం లేదు, నొప్పి ఉంది. నా పిల్లలు నలుగురినీ గుడి అరుగు మీద ఆశీర్వదించిన మనిషి. "బ్రదర్ రెల్డన్, మీరేమంటారు?" అన్నారు.

రెల్డన్ లేచి నిలబడ్డాడు. చొక్కా కాలరు సర్దుకున్నాడు.

"ఆవిడ చెప్పింది నేను ముప్పై ఏళ్లుగా చెబుతున్న మాటే" అన్నాడు. "ఈ ఐదు నెలలు చెప్పలేదు. కారణం ఉంది, అది మా ఇంటి విషయం. ఈ రోజుతో నేను మానేస్తున్నాను."

బల్ల మీద తాళంచెవులు పెట్టి వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

కమిషనర్లు ముగ్గురూ గుసగుసలాడుకున్నారు. ఓటు వేశారు. ముగ్గురూ అనుకూలం. కార్యాలయం శాశ్వతం. ఖాళీ అయిన పదవికి డాలన్. డాలన్ ఖాళీ చేసిన పదవికి ప్రకటన ఇస్తారట.

బయట ఇడోయా మా బండి దాకా వచ్చింది. "కుర్చీ నాలుగు నిమిషాలు ఖాళీగా ఉంది. అదీ రాశాను" అంది. నవ్వబోయి, నన్ను కావలించుకుంది. తన దగ్గర కాఫీ వాసన వేసింది.

జూన్ 24

కౌంటీ ఒక్క కుర్చీ కూడా తగ్గలేదు.

రెల్డన్ పాత చొక్కా వేసుకుని పొలానికి వెళ్లాడు. ఈల వేసుకుంటూ వెళ్లాడు. ఆ ఈల విని ఎన్ని నెలలైందో లెక్కపెట్టుకోలేదు.

జూన్ 30

బీమా ఈ రోజుతో సరి. ఆసుపత్రికి ఫోన్ చేశాను. తేదీ ఉంచుతామన్నారు, కానీ ముందుగా కొంత కట్టాలట. ఎంతో చెప్పింది ఆ అమ్మాయి. మళ్లీ చెప్పమన్నాను.

ఆవులు రెండు, పాత ట్రాక్టరు అమ్ముతానన్నాడు రెల్డన్. అవి అమ్మినా సగం.

జూలై 2

సంఘంలో కొందరు నన్ను పలకరించడం లేదు. మరికొందరు అవసరానికి మించి పలకరిస్తున్నారు. బిషప్ టాలీ దుకాణంలో ఎదురైతే టోపీ తీశారు. "మీకు బీమా పోయిందని నాకు తెలియలేదు, సిస్టర్. తెలిసుంటే..." అని ఆగారు. తెలిసుంటే ఏం చేసేవారో ఆయనకీ తెలియదు. నేను ఆయన చేయి పట్టుకుని నొక్కాను. ఆ కుర్చీ అవసరం లేదని ఆయనకి ఎప్పటికైనా తెలుస్తుందా? నేను మాత్రం ఆయన కోసం ప్రార్థన మానను.

జూలై 6, ఉపవాస ఆదివారం

ఇప్పటి బిషప్ కుర్రవాడు, ముప్పై ఆరేళ్లు, టైర్ల దుకాణం. ఆరాధన అయ్యాక మమ్మల్ని తన చిన్న గదిలోకి పిలిచాడు. గోళ్లలో నల్లటి గ్రీజు ఉంది. కూర్చోమన్నాడు కానీ తను కూర్చోలేదు.

"ఉపవాసపు కానుకల్లోంచి ఆపరేషన్‌కి కడతాం" అన్నాడు.

"ఇంకా అవసరమైనవాళ్లకి ఇవ్వండి, బిషప్" అన్నాను. నోరు దానంతటదే అనేసింది.

"సిస్టర్, ఈ లోయలో ఎవరికి ఎంత అవసరమో చూడటం నా పని. మీ పని కాదు." మొహం ఎర్రబడింది, తన తల్లి వయసు మనిషితో అలా మాట్లాడినందుకు. "కాగితాలేం లేవు. మీరు సరే అంటే చాలు."

రెల్డన్ నేల వైపు చూస్తున్నాడు. ఆలోచించుకుని చెబుతామన్నాం.

జూలై 8, మంగళవారం

ఆర్డెత్ కాళ్లు కడుగుతుంటే ఆవిడ చేతులు వణుకుతూ కనిపించాయి. రక్తంలో చక్కెర చూస్తే పడిపోయి ఉంది. నారింజ రసం తాగించాను.

"ఏం తిన్నావు పొద్దున్న?"

"ఏమీ తినలేదు."

"ఎందుకు?"

"ఆదివారం మర్చిపోయాను. అందుకని ఈ రోజు ఉపవాసం ఉంటున్నా."

"నువ్వు ఉపవాసం ఉండకూడదు! డాక్టరు ఎన్నిసార్లు చెప్పాడు!"

"అరవకు, నీ గొంతుకి మంచిది కాదు." బల్ల మీదున్న కవరు నా వైపు తోసింది. "బిషప్‌కి ఇవ్వు. రెండు పూటల తిండి డబ్బు. ఫలానావాళ్లకని పేరు చెప్పకు, అది మన ఆచారం కాదు. ఎవరికి వెళ్తుందో నాకేం తెలియదు."

తెలియనట్టు కిటికీ వైపు చూసింది. నేను ఆ పాదాన్ని తువ్వాలులో చుట్టి అలాగే పట్టుకుని ఉండిపోయాను. తొట్టిలో నీళ్లు చల్లబడ్డాయి.

జూలై 13

కవరు ఇచ్చాను. "సరే" అని కూడా చెప్పాను, ఇద్దరి తరఫున.

జూలై 21

రేపు ఐదింటికి బయల్దేరాలి. పెట్టె సర్దాను. పిల్లలందరూ ఫోన్ చేశారు.

మధ్యాహ్నం మా కుర్ర బిషప్ వచ్చి ఆసుపత్రి పేరు మీద రాసిన చెక్కు ఇచ్చి వెళ్లాడు. రెల్డన్ దాన్ని వంటింటి బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. ముట్టుకోలేదు.

"ప్రభుత్వం డబ్బు వద్దన్నప్పుడు తల ఎత్తుకుని తిరిగాను" అన్నాడు. "దీన్ని తీసుకుంటుంటే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియట్లేదు మెర్లీ. దీంట్లో ఎవరెవరి భోజనాలున్నాయో."

నేను ఎదురుగా కూర్చున్నాను. నాకూ అంతే బరువుగా ఉంది. అదే చెప్పాను. పక్కవాళ్లు చూసుకుంటారు, చూసుకుంటారు అని ఇన్నేళ్లు చెప్పింది మేమే. చూసుకునేవాళ్లలో మేం ఉంటామనే అనుకున్నాం. ఇటువైపు కూర్చుంటామని ఎప్పుడూ అనుకోలేదు.

"ఏం చేద్దాం?" అన్నాడు.

"తల వంచు" అన్నాను. "ప్రార్థనకి వంచుతాం కదా."

ఇద్దరం వంచాం. ఏమని ప్రార్థించాలో ఇద్దరికీ తెలియలేదు. బయట పక్కింటివాళ్లు వచ్చి, మమ్మల్ని పిలవకుండానే, మా పొలంలో గొట్టాలు మారుస్తున్నారు.